ఈ బల్లి కుడితిలో పడదు

2024 అక్టోబరులో సునీల్ గవాస్కర్ ఒక రైల్వే స్టేషన్ ఫొటో లోకానికి చూపించాడు. స్టేషన్ పేరు సచిన్. సూరత్ శివార్లలోని ఊరు. వెనకటి తరం వాళ్లకు ఎంత ముందుచూపో, పుట్టబోయే మహా ఆటగాడి పేరు స్టేషనుకు ముందే పెట్టేశారని చమత్కరించాడు. బాగుంది. సచిన్ సంస్థానం 1791 నుంచీ ఉంది. సిద్దీ నవాబులు ఏలారు. ఆటగాడికి ఆ పేరు వచ్చిందేమో సంగీత దర్శకుడు సచిన్ దేవ్ బర్మన్ మీద అభిమానంతో. అయితేనేం? ఈ దేశంలో ఆట గురించి చెప్పిన జోస్యాల్లో నూటికి నూరుపాళ్లు ఫలించింది ఇంకొకటి చూపించండి. చూపించలేరు. జరిగిపోయాక చెప్పాడు కాబట్టి ఇది ఫలించింది. మన టీవీ విశ్లేషకులు చేసేదీ అదే. గవాస్కర్ నవ్వుతూ చెప్పాడు, వీళ్లు కోటు వేసుకుని చెబుతారు. అంతే తేడా.

జరగకముందు చెబితే ఏమవుతుందో కూడా చూశాం కదా. 2025 మార్చి 23న ఉప్పల్లో సన్‌రైజర్స్ 286 బాదింది. ఊరంతా ఊగిపోయింది. దక్షిణాఫ్రికా పేస్ దిగ్గజం డేల్ స్టెయిన్ కూడా ఊగాడు. ఏప్రిల్ 17న ఐపీఎల్‌లో తొలిసారి 300 చూస్తామని తేదీతో సహా రాసి పారేశాడు. తేదీతో సహా! పెళ్లి ముహూర్తం పెట్టినట్టు. ఆ రోజు వాంఖడేలో ముంబయి మీద హైదరాబాద్ ఎంత కొట్టింది? 162. మ్యాచ్ కూడా ఓడింది. ఆ సీజన్లో ప్లేఆఫ్ గడప కూడా తొక్కలేదు. స్టెయిన్‌ది సరదా. పాపం, ఎవరి జేబులోనూ చెయ్యి పెట్టలేదు. కానీ ఆ తేదీని నమ్ముకుని ఎన్ని వాట్సాప్ గ్రూపుల్లో ఎన్ని పందేలు నడిచాయో స్టెయిన్‌కేం తెలుసు?

మనకో సామెత ఉంది. శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందని. తాతలు ఆశావాదులు. ఊరికి శకునాలు చెప్పినందుకు బల్లికి ఎప్పటికైనా శాస్తి జరుగుతుందని నమ్మారు. ఇప్పటి బల్లి కుడితిలో పడదు. గోడ మీద ఎల్‌ఈడీ లైట్ల కింద కూర్చుని, ఒక కన్ను టెలిప్రాంప్టర్ మీద, ఒక కన్ను చెక్కు మీద పెట్టుకుని శకునం చెబుతుంది. విన్నవాడు కుడితిలో పడతాడు. పడ్డవాణ్ని మర్నాడు అదే బల్లి అదే గోడ మీంచి విశ్లేషిస్తుంది. ‘ఒత్తిడి తట్టుకోలేకపోయాడండీ.’

2022 ఐపీఎల్ వేలం ముగిసిన రోజు గుర్తుందా? గుజరాత్ టైటాన్స్‌ను చూసి పెదవి విరవని మేధావి ఎవరు? బ్యాటింగ్ ఏదీ అన్నారు. కెప్టెన్ ఫిట్‌గా ఉన్నాడా అన్నారు. మే 29న అహ్మదాబాద్‌లో ఆ జట్టే, తొలి సీజన్లోనే, కప్పు ఎత్తింది. పెదవి విరిచిన ఒక్కడి ఉద్యోగమైనా పోయిందా? ఒక్క రోజు జీతమైనా కోశారా? అదే సచిన్ ఊళ్లో, పారిశ్రామికవాడలో సాంచాల (మరమగ్గాల) మీద పనిచేసేవాడు గుడ్డలో ఒక దారం తప్పిస్తే సేటు మీటరు కూలిలో కోత పెడతాడు. దారం తప్పితే కోత ఉంది. జోస్యం తప్పితే? మరుసటి ఏడాదికి కాంట్రాక్టు పొడిగింపు.

క్రికెట్ మీదే కడుపు మంటా అంటారేమో. కాదు. చల్లగా మంచు మీద ఆడే ఆట చూద్దాం రండి. ఉత్తర అమెరికాలో ఎన్‌హెచ్‌ఎల్ అని ఐస్ హాకీ లీగు. ఏటా ఏప్రిల్ నుంచి జూన్ దాకా ప్లేఆఫ్స్. పదహారు జట్లు, నాలుగు రౌండ్లు, మొత్తం పదిహేను సిరీస్‌లు. ప్రతి సిరీస్‌లో ఎవరు ముందు నాలుగు మ్యాచ్‌లు గెలిస్తే వాళ్లది. ఇందులో జోస్యం చెప్పడానికి అక్కడ ఒక పరిశ్రమే ఉంది. మాజీ ఆటగాళ్లు, గణాంకాల మోడళ్లు, కంప్యూటర్లో పదివేలసార్లు ఆడించి చూసే సిమ్యులేషన్లు. ‘బోస్టన్ ఆరు మ్యాచ్‌ల్లో’ అని ఒకడు. ‘లేదు లేదు, అయిదింట్లోనే’ అని ఇంకొకడు.

2023లో బోస్టన్ బ్రూయిన్స్ లీగ్ దశలో 65 మ్యాచ్‌లు గెలిచింది. 135 పాయింట్లు. లీగు చరిత్రలో ఎవరికీ లేని రికార్డు. తొలి రౌండ్లో ఎదురుపడింది ఫ్లోరిడా పాంథర్స్. 92 పాయింట్లతో చివరి బస్సు పట్టుకుని లోపలికొచ్చిన జట్టు. ఆరింట్లోనా, అయిదింట్లోనా అన్నదే చర్చ. బోస్టన్ 3-1 ఆధిక్యంలోకి కూడా వెళ్లింది. తర్వాత వరసగా మూడు ఓడి ఇంటికెళ్లింది. అంతకు నాలుగేళ్ల ముందు, 2019లో, టాంపా బే లైట్నింగ్ 62 గెలిచి ప్లేఆఫ్స్‌కు వచ్చింది. అప్పటిదాకా ఒక్క ప్లేఆఫ్ సిరీస్ కూడా గెలవని కొలంబస్ చేతిలో నాలుగుకు నాలుగూ ఓడింది. కెనడా అంతా ఐస్ హాకీ పిచ్చే. అక్కడి జట్టు ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ చివరిసారి గెలిచింది 1993లో, మాంట్రియల్. ఆ తర్వాత 2025 దాకా ప్రతి వసంతంలోనూ ‘ఈసారి మనదే’. మన బెంగళూరువాళ్లు 2008 నుంచి పదిహేడేళ్లు ఆ మాటే పాడి పద్దెనిమిదో ఏట గెలిచారు. గెలిచిన మర్నాడు చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో పదకొండు మంది చనిపోయారు. కప్పు ఎవరిదో చెప్పడానికి వెయ్యి మంది జోస్యులు. గేటు దగ్గర ఎంతమంది పోగవుతారో చెప్పడానికి ఒక్కడు లేకపోయాడు.

లెక్కలు కూడా చూద్దాం, ఎవడూ చూపించడు కాబట్టి. పదిహేను సిరీస్‌ల్లో విజేతల్ని సరిగ్గా చెప్పాలంటే 32,768 రకాల కూర్పులున్నాయి. ఎన్ని మ్యాచ్‌ల్లో తేలుతుందో కూడా చెప్పాలంటే ఒక్కో సిరీస్‌కు ఎనిమిది ఫలితాలు. మొత్తం 35 లక్షల కోట్ల పైచిలుకు. 2025-26 కేంద్ర బడ్జెట్టే 50 లక్షల కోట్లు. అంటే ఒక్కో కూర్పు మీద ఒక్క రూపాయి పెట్టుకుంటూ పోతే ఆర్థిక మంత్రి నిర్మలమ్మ బడ్జెట్లో మూడింట రెండొంతులు హరీ. 2018లో అమెరికా గణాంక శాస్త్రవేత్తలు ముగ్గురు ఇంకో చావుకబురు చల్లగా చెప్పారు. బాస్కెట్‌బాల్‌లో ఏడు మ్యాచ్‌ల సిరీస్‌ మంచి జట్టును తేల్చినంత నమ్మకంగా ఐస్ హాకీలో తేల్చాలంటే, ఏడు కాదు, 51 మ్యాచ్‌లు ఆడించాలట. గోల్స్ తక్కువ. పక్ అనే రబ్బరు బిళ్ల ఎవడి స్కేటుకో తగిలి ఎటో జారుతుంది. గోల్‌కీపర్ ఒక్కడు పూనకం వచ్చినట్టు ఆడితే చాలు. ఏడు మ్యాచ్‌లంటే బొమ్మాబొరుసుకు కాస్త మెరుగు, అంతే. బొమ్మాబొరుసుకు కోటూ టై ఎందుకు మరి?

ఎందుకంటే ఆ బొమ్మాబొరుసును నైపుణ్యమని అమ్ముకోవాలి. కెనడా 2021 ఆగస్టులో ఒక్కో మ్యాచ్ మీద పందేలను చట్టబద్ధం చేసింది. మరుసటి ఏప్రిల్లో ఒంటారియో తలుపులు బార్లా తెరిచింది. ఐస్ హాకీకి సచిన్ అనదగిన వేన్ గ్రెట్జ్‌కీ పందేల ప్రకటనల్లో తేలాడు. ఆడుతున్న ఆటగాడు కానర్ మెక్‌డేవిడ్ కూడా తేలాడు. పిల్లలు చూస్తున్నారని తల్లిదండ్రులు గగ్గోలు పెడితే 2024 ఫిబ్రవరి నుంచి ఒంటారియో నియంత్రణ సంస్థ ప్రకటనల్లో క్రీడాకారుల మొహాలు వద్దంది. సంతోషం. 2025 అక్టోబరుకల్లా లీగే నేరుగా రంగంలోకి దిగింది. కాల్షి, పాలీమార్కెట్ అనే ‘ప్రిడిక్షన్ మార్కెట్ల’తో అధికారిక ఒప్పందం. ఆట నడిపేవాడు వీడే. ఆట మీద జోస్యాల అంగడికి ముద్ర వేసిచ్చేదీ వీడే. పందెం అనకూడదట. ఈవెంట్ కాంట్రాక్ట్ అనాలట. చిత్తం.

మనవాళ్లేం తక్కువ తిన్నారా? క్రికెట్ బోర్డుకు అవినీతి నిరోధక విభాగం ఉంది. ఆటగాళ్ల ఫోన్లు గుంజుకుంటుంది. డగౌట్లో వాచీ చూసినా అనుమానిస్తుంది. 2013 ఫిక్సింగ్ గొడవలో రెండు జట్లు రెండేళ్ల సస్పెన్షన్ అనుభవించాయి. అంత నిప్పులాంటి బోర్డు 2020 ఐపీఎల్ పేరును 222 కోట్లకు ఎవరికి రాసిచ్చింది? డ్రీమ్11 అనే ఫాంటసీ క్రికెట్ యాప్‌కు. 2023లో టీమిండియా గుండె మీద 358 కోట్లకు ఎవరి పేరు కుట్టించింది? డ్రీమ్11ది. బుకీ వస్తే పోలీసు. స్పాన్సర్ వస్తే శాలువా.

‘అది జూదం కాదండీ, నైపుణ్యం’ అన్నారు. 2017లో పంజాబ్–హర్యానా హైకోర్టు ఫాంటసీ క్రికెట్‌ను నైపుణ్యం కిందే లెక్కగట్టింది. అదే 2017లో తెలంగాణ మాత్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. 2020లో ఆంధ్రప్రదేశ్ కూడా. ఒడిశాలోనూ ఆ యాప్ తెరుచుకునేది కాదు. ఇక్కడే అసలు వినోదం మొదలైంది.

సూరత్‌లో తెలుగువాళ్లు ఎందరో మీకు తెలుసు. నేతపని చేతికొచ్చిన పద్మశాలీలు కరీంనగర్ నుంచి, వరంగల్ నుంచి, నల్లగొండ నుంచి తరాలుగా వెళ్లినవాళ్లు. సూరత్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమంలో బడులు నడిపేంత మంది. పక్క సాంచా మీద ఒడిశా గంజాం కుర్రాడు. పన్నెండు గంటల షిఫ్టు. ఆపితే కూలి లేదు. ఇప్పుడు ఈ చిత్రం చూడండి. ఆ రోజుల్లో వరంగల్లో ఆ యాప్ తెరిస్తే ‘మీ రాష్ట్రంలో అనుమతి లేదు’ అనేది. అది నేరం. అదే మనిషి నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, కాగజ్‌నగర్ దాటి, బల్లార్షాలో టీ తాగేసరికి ఆ నేరం కాస్తా నైపుణ్యమైపోయేది. ఏం రైలండీ అది! జనరల్ బోగీలో నిలబడ్డవాడికి కూడా రాష్ట్రం దాటగానే మేధస్సు వికసించేది. గంజాం కుర్రాడికీ అంతే. రెండు రాష్ట్రాలు ‘మా పిల్లలు చెడిపోతున్నారు’ అని తలుపు మూశాయి. ఆ పిల్లలు పొట్ట చేతపట్టుకుని వెళ్లిన మూడో రాష్ట్రంలో అదే తలుపు ఇరవై నాలుగు గంటలూ తెరిచే ఉండేది. ఎప్పటిదాకా? 2025 ఆగస్టు దాకా.

రాత్రి షిఫ్టులో సాంచాల మోతకు చెవులు పనిచేయవు. కళ్లు ఫోన్ మీద పనిచేస్తాయి. ‘అన్నా, ఇయ్యాల ఎవడు గెలుస్తడే?’ ‘ముంబయి పెట్టురా, టెలిగ్రామ్ల రిపోర్టొచ్చింది, పక్కా.’ ఆ పక్కా రిపోర్టు ఎలా తయారవుతుందో చెప్పనా? చానల్ వాడు వెయ్యి మందిని పోగేస్తాడు. అయిదువందల మందికి ముంబయి అని పంపుతాడు. మిగతా అయిదువందలకు చెన్నై అని పంపుతాడు. ముంబయి గెలిచింది. చెన్నై గ్రూపును వదిలేస్తాడు. మిగిలినవాళ్లను మళ్లీ సగం చేస్తాడు. మూడు మ్యాచ్‌లయ్యేసరికి 125 మందికి వీడు దేవుడు. మూడుకు మూడూ నిజమయ్యాయి కదా! నాలుగో మ్యాచ్‌కు ‘వీఐపీ రిపోర్టు, అయిదు వేలు’. దేవుడికి దక్షిణ ఇవ్వనివాడెవడు? ఇందులో క్రికెట్ తెలియాల్సిన పనే లేదు. రెండుతో భాగించడం వస్తే చాలు. కోట్లు గడించడానికి మూడో తరగతి లెక్కలు సరిపోతున్నాయి, నైపుణ్యమంటే ఇదీ.

క్రికెట్ లేనప్పుడు యాప్ ఊరుకుంటుందా? విదేశీ బెట్టింగ్ యాప్‌కు నిద్ర లేదు. భారత కాలమానంలో తెల్లవారుజామున ఫ్లోరిడాలో పక్ జారుతుంది. షిఫ్టు దిగడానికి ఇంకా సమయముంది. మంచు అంటే వేసవిలో తినే బరఫ్ గోలా తప్ప ఇంకోటి ఎరగని కుర్రాడు ఎడ్మంటన్ ఆయిలర్స్ మీద ఫ్లోరిడా ఆరు మ్యాచ్‌ల్లో గెలుస్తుందో ఏడింట్లో గెలుస్తుందో చెప్పాలి. అన్నట్టు 2024లో ఏడింట్లో గెలిచింది, 2025లో ఆరింట్లో. తెలుసుకుని ఏం లాభం, అయిపోయిందిగా. మనదేశపు ఐస్ హాకీ సంగతి ఏ యాప్ అయినా చెప్పిందా? 2025లో లద్దాఖ్ అమ్మాయిలే ఎక్కువమందిగా ఉన్న మన మహిళల జట్టు ఆసియా కప్‌లో కాంస్యం తెచ్చింది. ఆ టోర్నీలో దేశానికి తొలి పతకం. వాళ్ల మీద ఓడ్స్ లేవు కాబట్టి స్టూడియోలూ లేవు.

ఇక గుజరాత్ గొప్పతనం చెప్పకపోతే పాపం. 2022 జులైలో మెహసానా జిల్లా మోలీపూర్‌లో పోలీసులు ఒక ‘ఐపీఎల్’ను పట్టుకున్నారు. పట్టుకోవడమంటే నిజంగా పట్టుకోవడమే. అసలు ఐపీఎల్ అయిపోయిన మూడు వారాలకు పొలాన్ని అద్దెకు తీసుకుని పిచ్ చదును చేశారు. హాలోజెన్ దీపాలు కట్టారు. హెచ్‌డీ కెమెరాలు పెట్టారు. పొలం కూలీలు, పని లేని కుర్రాళ్లు ఇరవయ్యొక్క మందిని మ్యాచ్‌కు నాలుగువందలిచ్చి పిలిచారు. వాళ్లే ఒకపూట చెన్నై, ఒకపూట ముంబయి, ఒకపూట గుజరాత్. జెర్సీ మారితే జట్టు మారినట్టే. నిజం ఐపీఎల్‌లో మాత్రం ఇంకెలా మారతారు? హర్షా భోగ్లే గొంతు అనుకరించే కుర్రాడొకడు కామెంటరీ. జనం కేకలు ఇంటర్నెట్ నుంచి దించుకున్నారు. యూట్యూబ్‌లో ప్రత్యక్ష ప్రసారం. పందేలు కాసింది ఎవరు? రష్యాలో ట్వేర్, వొరొనెజ్, మాస్కో నగరాల మహానుభావులు.

పోలీసుల కథనం ప్రకారం పద్ధతి ఇలా నడిచింది. టెలిగ్రామ్‌లో రష్యా నుంచి పందెం రాగానే నిర్వాహకుడు వాకీటాకీలో అంపైర్‌కు చెబుతాడు. అంపైర్ బౌలర్‌కు, బ్యాటర్‌కు సైగ చేస్తాడు. బౌలర్ నెమ్మదిగా వేస్తాడు, బ్యాటర్ సిక్స్ కొడతాడు. లేదా వికెట్ పారేసుకుంటాడు. క్వార్టర్ ఫైనల్ దాకా వచ్చింది టోర్నీ. అప్పుడు పోలీసులొచ్చారు. విన్న హర్షా భోగ్లేకే నవ్వు ఆగలేదట.

నవ్వండి, కానీ ఒక ప్రశ్న. జోస్యం ఫలించాలంటే ఇంతకన్నా పకడ్బందీ ఏర్పాటు ప్రపంచంలో ఉందా? మోడల్ లేదు, సిమ్యులేషన్ లేదు, మాజీ ఆటగాళ్ల చర్చా లేదు. ఫలితం వాకీటాకీలో నేరుగా వస్తుంది. నాలుగువందల కూలికి నాలుగు గోడల మధ్య కాకుండా బహిరంగంగా, దీపాల వెలుగులో మోసం చేశారు. మ్యాచ్ కూలి ముందే మాట్లాడుకున్నారు, ఎగ్గొట్టారని ఎవరూ అనలేదు. నడిపినవాళ్లు అరెస్టయ్యారు. బొమ్మాబొరుసును నైపుణ్యమని కోట్లమందికి అమ్మినవాళ్లు? స్టార్టప్ అవార్డుల వేదికలెక్కారు. రష్యా వాడి డబ్బు దోచినవాడు మోసగాడు. సొంత దేశపు కూలీ డబ్బు దోచినవాడు యూనికార్న్.

మన తారల మాటకొద్దాం. ఆ యాప్‌ల ప్రకటన చివర గుర్తుందా, ఊపిరి తీసుకోకుండా చదివేవాడు? ‘ఈ ఆటలో ఆర్థికపరమైన ముప్పు ఉంది వ్యసనంగా మారవచ్చు దయచేసి బాధ్యతతో ఆడండి.’ ముప్పయి సెకన్లు హీరో నవ్వేవాడు. మూడు సెకన్లు వీడు గుక్క తిప్పుకోకుండా పరిగెత్తేవాడు. ఆ పరుగుకు ఒలింపిక్ పతకం ఇవ్వొచ్చు. 2020లో పేటీఎం ఫస్ట్ గేమ్స్‌కు సచిన్ తెందూల్కర్ ప్రచారకర్త అయ్యాడు. 2022లో ఒక కాసినో తన బొమ్మ మార్ఫింగ్ చేసి వాడుకుంటే, జూదానికి ఎన్నడూ ప్రచారం చేయలేదని ఆగ్రహించాడు. చట్టప్రకారం రెండూ నిజమే కావచ్చు, నైపుణ్యం జూదం కాదుగా! 2023 ఆగస్టులో మహారాష్ట్ర ఎమ్మెల్యే బచ్చు కడు ఆయన ఇంటి ముందు ధర్నాకు దిగాడు. భారతరత్నమైనా వదులుకో, ప్రకటనైనా వదులుకో అన్నాడు. హైదరాబాద్‌లో 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌ల ప్రచారం మీద పాతిక మంది సినీ ప్రముఖులపై, ఇన్‌ఫ్లుయెన్సర్లపై కేసు కట్టారు. సిట్ వేశారు. ఒక్కొక్కరూ వరసగా సంజాయిషీలు. ‘స్కిల్ గేమ్ అనుకున్నామండీ.’ ‘కాంట్రాక్ట్ ఎప్పుడో అయిపోయిందండీ.’ ‘మాకు తెలియదండీ.’ సంతకం చేసేటప్పుడు ఎన్ని సున్నాలున్నాయో మాత్రం తెలుసు. ఏడాది చివర్లో సురేశ్ రైనా, శిఖర్ ధావన్‌ల ఆస్తులు 11 కోట్ల పైచిలుకు ఈడీ జప్తు చేసింది, విదేశీ బెట్టింగ్ కంపెనీ ప్రచారం వ్యవహారంలో. తేలాల్సింది కోర్టులో. తేలేలోపు ఎన్ని ఐపీఎల్‌లు అవుతాయో జోస్యం చెప్పండి చూద్దాం.

సర్కారు వారి పాట వేరు. 2023 అక్టోబరు 1 నుంచి పందెం మొత్తం మీద 28 శాతం జీఎస్టీ అన్నారు. గెలిచినా ఓడినా ప్రతి వందలో వాటా. కూలీ ఓడిపోయిన డబ్బుతో ఖజానా కళకళలాడింది. 2025 ఆగస్టులో హఠాత్తుగా జ్ఞానోదయమైంది. 45 కోట్ల మంది దీని బారిన పడ్డారని, ఏటా 20 వేల కోట్లకు పైగా పోగొట్టుకుంటున్నారని సర్కారే లెక్క చెప్పింది. ఆ లెక్క నిన్న రాత్రి పుట్టిందా? రెండేళ్లు పన్ను కోసేటప్పుడు ఆ 45 కోట్ల మంది ఎక్కడున్నారు? ఆగస్టు 20న లోక్‌సభ, నినాదాల హోరులో, చర్చ లేకుండా. 21న రాజ్యసభ. 22న రాష్ట్రపతి సంతకం. డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలన్నీ బంద్. నడిపితే మూడేళ్ల జైలు, కోటి జరిమానా. ప్రచారం చేస్తే రెండేళ్లు, యాభై లక్షలు. ఇంత వేగం ఏ కార్మిక చట్టానికైనా చూశామా?

మంచి పనే. మెచ్చుకోబోయేలోపే సెప్టెంబరు 3 వచ్చింది. నిషేధించిన పన్నెండో రోజు. జీఎస్టీ మండలి ఆన్‌లైన్ డబ్బు ఆటల మీద పన్నును 28 నుంచి 40 శాతానికి పెంచింది. మీరు సరిగ్గానే చదివారు. లేని దాని మీద నలభై! చచ్చినవాడికి వైద్యం ఖర్చు పెంచినట్టు. పనిలో పనిగా ఐపీఎల్ టికెట్‌ను కూడా అదే నలభైలో పడేశారు. ఆట చూసేవాడు, ఆట మీద ఆడేవాడు ఒకే గాటన. ఆసియా కప్‌లో టీమిండియా గుండె మీద పేరు లేకుండా ఆడింది. పాపం, ఎంత వెలితిగా ఉందో! ఆ వెలితి ఎక్కువ రోజులు ఉంచలేదు లెండి, టైర్ల కంపెనీ వచ్చింది. విదేశీ యాప్‌లు మాత్రం ఎటూ పోలేదు. ఒక లింకు మూస్తే ఇంకో లింకు. పేరులో ఒక అక్షరం మారిస్తే బెట్టింగ్ కంపెనీ ‘న్యూస్’ కంపెనీ. ఏ వార్తలు చదువుతుందో ఆ భగవంతుడికే తెలియాలి.

ఇదంతా తేలని వాటిని తేల్చి చెబుతామనే వ్యాపారం. మరి తేలినవాటి సంగతి?

మళ్లీ సచిన్‌కే వద్దాం, ఊరికి. 2022 జనవరి 6, చీకటితో. పారిశ్రామికవాడలో ఒక ట్యాంకర్ కాలువ పక్కన ఆగింది. రసాయన వ్యర్థాలు దొంగతనంగా కాలువలోకి వదిలింది. విషవాయువు లేచింది. పక్క డైయింగ్ మిల్లులో ఆరుగురు కార్మికులు చనిపోయారు, ఇరవై మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. 2024 జులై 6న అదే సచిన్ పాలీలో, కట్టి పదేళ్లైనా నిండని అంతస్తుల భవనం కూలిపోయింది. ఏడుగురు. గోడలు బీటలు వారితే ముందు తెలిసేది అందులో అద్దెకున్నవాళ్లకే. ఏ కాలువలో ఏ రాత్రి ఏ రంగు నీళ్లు పారతాయో అక్కడి టీకొట్టు వాడికి తెలుసు. వీటికి గణాంకాల మోడల్ అవసరమా? సిమ్యులేషన్ పదివేలసార్లు తిప్పాలా? బోస్టన్‌లో గోల్‌కీపర్ కుడి మోకాలి గురించి నాలుగు చానళ్లు చర్చిస్తాయి. మిల్లు కాలువ గురించి ఒక్క అధికారి ఒక్క కాగితం మీద ‘ఇక్కడ ప్రమాదం జరగొచ్చు’ అని ముందుగా రాయడు. ఎందుకు రాస్తాడు? రాస్తే రేపు జరిగాక ఆ కాగితం అడుగుతారు. ప్లేఆఫ్ జోస్యం తప్పితే అడిగేవాడు లేడు. ఇది నిజమైతే అడిగేవాడుంటాడు. అందుకే ప్రమాదాల మీద మన వ్యవస్థ మౌనవ్రతం. జరిగాక మాత్రం ఎక్స్‌గ్రేషియా, విచారణ, సంతాపం ముందే అచ్చువేసి పెట్టుకున్నంత చురుగ్గా వస్తాయి. అంటే తెలుసన్నమాటేగా!

సరే, బెట్టింగ్ బాబులూ, ప్రిడిక్షన్ మార్కెట్ల మారాజులూ, మీకో వ్యాపార సలహా ఉచితం. ఫ్లోరిడా ఆరింట్లోనా ఏడింట్లోనా పాతబడింది. కొత్త కాంట్రాక్టులు పెట్టండి. ఈ వానాకాలం సూరత్ చుట్టుపక్కల ఎన్ని పాత భవనాలకు నోటీసులిచ్చి, ఎన్నిటిని ఖాళీ చేయించకుండా వదిలేస్తారు? అర్ధరాత్రి దాటాక పారిశ్రామికవాడలో కాలువ పక్కన ట్యాంకర్ ఆగితే గస్తీ వాహనం వస్తుందా, రాదా? ఔను, కాదు, రెండే బటన్లు. కానీ పెట్టరు. ‘రాదు’ మీదే జనమంతా కాస్తే ఎదుటి పక్క డబ్బు పెట్టే మొనగాడు మీకు దొరకడు. బుకీకి గిట్టుబాటు కాదు.